వెలాసిటీ పెరుగుతూనే ఉంది, పని మాత్రం చెప్పిన రోజుకి బయటికి రావట్లేదు. అసలు దేన్ని లెక్కపెట్టాలి?

కొత్త_లీడ్ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఐదు నెలల క్రితం ఏడుగురున్న టీమ్‌కి లీడ్‌నయ్యాను. నాతో కలిపి ఐదుగురం కోడ్ రాస్తాం, ఇద్దరు టెస్టర్లు. పనిని స్ప్రింట్లుగా, అంటే రెండేసి వారాల విడతలుగా చేస్తాం. ప్లానింగ్, రోజూ స్టాండప్ (నిలబడి మాట్లాడుకునే చిన్న మీటింగ్), చివర్లో డెమో, రిట్రో (జరిగినదాన్ని వెనక్కి చూసుకునే మీటింగ్) అన్నీ ఒక్కటీ మానకుండా చేస్తున్నాం.

ప్రతి పనికీ అది ఎంత పెద్దదో అంచనా కట్టి పాయింట్లు వేస్తాం, స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తమే వెలాసిటీ. నేను వచ్చినప్పుడు అది 32 ఉండేది. ఇప్పుడు 51. డ్యాష్‌బోర్డ్‌లో గీత చక్కగా పైకి పోతోంది. కానీ క్లయింట్‌కి చెప్పిన తేదీ మూడుసార్లు తప్పింది. ప్రతి స్ప్రింట్‌లో సగం కార్డులు (బోర్డు మీద ఒక్కో పనికి ఒక్కో కార్డు) తర్వాతి స్ప్రింట్‌కి దొర్లుతున్నాయి. బర్న్‌డౌన్, అంటే మిగిలిన పనిని చూపే గీత, పది రోజులు కదలకుండా ఉండి ఆఖరి రెండు రోజుల్లో ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఎవరూ ఖాళీగా లేరు, అందరూ పొద్దుపోయేదాకా కూర్చుంటున్నారు.

"పాయింట్లు బాగానే వస్తున్నాయి కదా, మరి డెలివరీ ఎందుకు లేటవుతోంది?" అని మా మేనేజర్ గారు నిన్న సూటిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది, దయచేసి చెప్పండి. ఎక్కడ వెతకాలి?

---

పాతకాపు · సోమవారం, రాత్రి 10:15

కొత్త_లీడ్ గారూ, ముందు రెండు లెక్కలు తీసుకురండి. పాయింట్లు పూర్తిగా పక్కన పెట్టండి. గత ఎనిమిది స్ప్రింట్లలో ఒక్కోదాంట్లో ఎన్ని కార్డులు నిజంగా పూర్తయ్యాయి? పూర్తవడమంటే వాడేవాళ్ల చేతికి అందడం, "డెవ్ అయిపోయింది" అన్నది కాదు. రెండోది, ఈ క్షణాన బోర్డు మీద మొదలుపెట్టి ముగియని కార్డులు ఎన్ని?

ఆ రెండూ ఇక్కడ పెట్టండి, తర్వాత మాట్లాడదాం.

---

కొత్త_లీడ్ · మంగళవారం, ఉదయం 8:05

పొద్దున్నే కూర్చుని లెక్కపెట్టాను. పూర్తయినవి వరసగా: 10, 9, 11, 9, 10, 8, 10, 9.

మొదలుపెట్టి ముగియనివి: 24.

రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడుగురికి ఇరవై నాలుగు. అందులో అన్నిటికంటే పాతది 41 రోజుల నుంచి అలాగే ఉంది. అది అక్కడ ఉన్న సంగతి కూడా నాకు గుర్తులేదు.

---

పాతకాపు · మంగళవారం, ఉదయం 9:30

మీ ప్రశ్నకి సగం జవాబు మీ లెక్కలోనే ఉంది. పాయింట్లు 32 నుంచి 51కి పోయాయి, కార్డులేమో అప్పుడూ తొమ్మిదీ పదీ, ఇప్పుడూ తొమ్మిదీ పదే. పని పెరగలేదు, పని మీద వేసే అంకె పెరిగింది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. ఐదు నెలల కిందటి కార్డు ఒకటి, దాదాపు అలాంటిదే నిన్నమొన్నటి కార్డు ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. మా దగ్గర అలా చూస్తే, ఒక ఫారంలో కొత్త గడి చేర్చి దాన్ని తనిఖీ చేసే పనికి మొదట 3 వేశాం. ఏడాది తర్వాత అచ్చం అలాంటి దానికే 8 వేశాం. ఎవరూ మోసం చేయలేదండి, ఇది మనసు పెట్టి అర్థం చేసుకోవాల్సిన విషయం. "పోయినసారి 3 అని చెప్పి ఇరుక్కున్నాం, ఈసారి 5 వేద్దాం" అని ఒకరు అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. పై నుంచి ఎవరైనా ఆ అంకెను చూసి మెచ్చుకున్నా, మందలించినా చాలు, ఆ వాలు ఇంకా పెరుగుతుంది. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఇక్కడికీ సరిగ్గా వర్తిస్తుంది: ఒక కొలతని పట్టుకుని అదుపు చేయడం మొదలుపెట్టగానే, అంతవరకూ దానికి ఉన్న నమ్మకం పోతుంది.

అసలు పాయింట్లు పుట్టింది వేరే అవసరానికి. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి తొలిరోజుల్లో "ఏ అడ్డూ లేకుండా చేస్తే ఎన్ని రోజులు" అని అంచనా కట్టేవారు. అసలు రోజులు దానికి రెండింతలో మూడింతలో అయ్యేసరికి, మూడు రోజులన్న పనికి తొమ్మిది రోజులెందుకని అడిగేవాళ్లకి సమాధానం చెప్పలేక తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని రోజులనే మాట తీసేసి పాయింట్లన్నారు. వాటిని బహుశా నేనే కనిపెట్టి ఉంటాననీ, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నాననీ ఆ పద్ధతిని తెచ్చినవాళ్లలో ఒకరైన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశారు. స్ప్రింట్లతో పనిచేసే ఈ పద్ధతి పేరు స్క్రమ్, దాని నియమాలు చెప్పే 2020 స్క్రమ్ గైడ్ మొత్తం వెతికినా స్టోరీ పాయింట్, వెలాసిటీ అనే మాటలు కనిపించవు. మనం నియమం అనుకుంటున్నది నియమం కాదు.

---

గణితం_ఇష్టం · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మిగతా సగం జవాబు నేను చెప్తాను, ఈ లెక్క అంటే నాకు ప్రాణం.

లిటిల్ సూత్రం అని ఉంది. జాన్ లిటిల్ 1961లో రుజువు చేశారు. ఏ వరస అయినా సరే, లోపల సగటున ఎన్ని ఉన్నాయో దాన్ని బయటికి వెళ్లే వేగంతో భాగిస్తే, ఒక్కొక్కటి లోపల సగటున ఎంతసేపు ఉంటుందో వస్తుంది. వచ్చేవీ పోయేవీ ఇంచుమించు సరిసమానంగా ఉండాలన్నది ముఖ్యమైన షరతు.

మీ అంకెలు పెడదాం. ఎనిమిది స్ప్రింట్లలో 76 కార్డులు, అంటే స్ప్రింట్‌కి 9.5. లోపల 24. 24ని 9.5తో భాగిస్తే రెండున్నర స్ప్రింట్లు, అంటే ఐదు వారాలు.

మీ టీమ్‌లో ఒక కార్డు మొదలైతే ముగియడానికి సగటున ఐదు వారాలు పడుతోంది. స్ప్రింటేమో రెండు వారాలు! కార్డులు దొర్లకపోతేనే ఆశ్చర్యపడాలి. మీవాళ్లు ఇంకో గంట ఎక్కువ కూర్చున్నా ఇది మారదు. లోపలున్నవి 12కి తగ్గించి, బయటికి వెళ్లే వేగం అదే ఉంచితే, రెండున్నర వారాలకి వస్తుంది. ఒక్క లైను కోడ్ కూడా వేగంగా రాయక్కర్లేదు.

---

టెస్టర్_దృష్టి · మంగళవారం, సాయంత్రం 6:45

లెక్క సరే. ఆ ఐదు వారాలు ఎక్కడ పోతున్నాయో కళ్లారా చూడాలంటే ఒక్క కార్డు చరిత్ర తెరవండి. ప్రతి టూల్‌లోనూ కార్డు ఏ రోజు ఏ వరసలోకి మారిందో ఉంటుంది. నేను మా టీమ్‌లో ఒకటి తెరిచి కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా నా డెస్క్ మీదే ఉంది.

కార్డు పేరు: "రసీదు పీడీఎఫ్‌లో పన్ను వరస తప్పు వస్తోంది". మొత్తం 19 రోజులు.

కోడ్ రాయడం 2 రోజులు. రివ్యూ (ఇంకొకరు ఆ కోడ్ చదివి చూడడం) కోసం ఎదురుచూపు 4. రివ్యూలో చెప్పిన మార్పులు 1. టెస్టింగ్ వరసలో పడి ఉండటం 6. నేను టెస్ట్ చేసింది పూట, అంటే అర రోజు. రెండు పన్నులు ఒకేసారి పడితే మొత్తం తప్పొస్తోందని వెనక్కి పంపాను. అప్పటికి ఆ డెవలపర్ వేరే పనిలో దిగిపోయాడు, అది ముగించి దీనికి వచ్చేసరికి 3 రోజులు. దిద్దడం 1. మళ్లీ టెస్ట్ అర రోజు. రిలీజ్ కోసం 1.

కూడి చూడండి. ఎవరో ఒకరు చెయ్యి పెట్టినది 5 రోజులు. ఎవరూ ముట్టుకోనిది 14 రోజులు.

ఇన్నాళ్లూ మేము స్టాండప్‌లో ఆ 5 రోజుల గురించే మాట్లాడుకున్నాం. ప్లానింగ్‌లో అంచనా కట్టింది కూడా ఆ 5 రోజులనే. పద్నాలుగు రోజుల మీద ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు. ఆ కాగితం చూసిన రోజు నాకు చాలా బాధేసింది. ఎందుకంటే ఆలస్యమైన ప్రతిసారీ అడిగింది మనుషులనే.

---

బ్యాకెండ్_బెంచ్ · మంగళవారం, రాత్రి 8:20

ఒప్పుకుంటాను, కానీ "లోపలున్నవి తగ్గించండి" అనడం తేలికే. మేము చేసి చూశాం. ఒక్కో వరసకి పరిమితి పెట్టాం, టెస్టింగ్‌లో 3 మించకూడదని. మూడో రోజుకే నిండింది. నా కోడ్ అయిపోయింది, ముందుకు నెట్టలేను, కొత్తది తీసుకోలేను. నేను చేతులు కట్టుకు కూర్చోవడం పై అధికారి చూశారు. వారం తిరక్కుండా పరిమితి ఎత్తేశారు.

---

టెస్టర్_దృష్టి · మంగళవారం, రాత్రి 9:00

బ్యాకెండ్_బెంచ్ గారూ, పరిమితి పనిచేసింది కాబట్టే ఆ ఇబ్బంది వచ్చింది. టెస్టింగ్ దగ్గర ఇరుకు ఉందని మూడు రోజుల్లో చూపించింది. అప్పుడేం చేయాలో ముందే మాట్లాడుకోకపోవడంతోనే చెడింది.

ఇలా వరసలకి పరిమితి పెట్టే పద్ధతి పేరు కాన్బాన్. దాని మూలం టొయోటా కర్మాగారాల్లో తైచి ఓనో తెచ్చిన పద్ధతి: తర్వాతి దశ అడిగితేనే ముందు దశ తయారుచేయాలి, లేకపోతే ఆగాలి. దాన్ని డేవిడ్ ఆండర్సన్ సాఫ్ట్‌వేర్‌కి మలిచారు. ఆగినవాళ్లు ఖాళీగా ఉండమని కాదు, ఇరుకు దగ్గరికి వచ్చి చెయ్యి వేయమని. మా దగ్గర టెస్టింగ్ నిండితే డెవలపర్లు చేసే పనులు గోడ మీద రాసి ఉన్నాయి: టెస్ట్ డేటా తయారుచేయడం, రోజూ చేతితో చేసే పరీక్షల్లో ఒకదాన్ని ఆటోమేట్ చేయడం, ఆగిపోయిన రివ్యూ చదవడం. తను రాయని కోడ్‌ని తనే టెస్ట్ చేయడం కూడా. మొదట్లో "అది నా పని కాదు" అన్నవాళ్లున్నారు. రెండు నెలల్లో నేను వెనక్కి పంపే కార్డులు బాగా తగ్గాయి, ఎందుకంటే ఎలా టెస్ట్ చేస్తామో వాళ్లకి తెలిసింది.

పై అధికారికి ముందుగా చెప్పండి. పరిమితి పెట్టిన తర్వాత కాదు, పెట్టకముందే.

---

అంచనా_కావాలి · బుధవారం, ఉదయం 7:50

ఈ చర్చ చదివి ఎవరైనా రేపటి నుంచి అంచనాలే మానేస్తారేమోనని భయంగా ఉంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నాను: అంకె పనికిరాకపోవచ్చు, ఆ అంకె చుట్టూ జరిగే మాట మాత్రం చాలా విలువైనది.

అంచనా అంకె ఉన్న కార్డుని అందరూ ఒకేసారి చూపించే ప్లానింగ్ పోకర్‌ని జేమ్స్ గ్రెన్నింగ్ 2002లో మొదలుపెట్టింది ఎందుకో చూడండి. ఒకరిద్దరే గంటలకొద్దీ మాట్లాడుతుంటే మిగతావాళ్లు మౌనంగా ఉండిపోతున్నారని. అందరూ ఒకేసారి కార్డు తిప్పితే ఎవరి మనసులో ఏముందో దాగదు.

మా టీమ్‌లో "ఖాతా తొలగించు" బటన్. ఐదుగురు 3 చూపించారు, ఒకామె 13. ఆమె టీమ్‌కి వచ్చి నాలుగు నెలలే. ఎందుకని అడిగితే, "ఆ వినియోగదారుడి పేరు నెలవారీ రిపోర్టుల్లోనూ, ఎగుమతి చేసిన ఫైళ్లలోనూ ఉంటుంది, అవీ తీసేయాలా?" అంది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ప్రశ్నకి జవాబు తెచ్చుకోవడానికే వారం పట్టింది. ప్లానింగ్‌లో ఆ మాట రాకపోయి ఉంటే సరిగ్గా రిలీజ్‌కి ముందురోజు నెత్తిన పడేది.

అంకెని పైకి పంపకండి. మాటని మాత్రం వదులుకోకండి.

---

పాతకాపు · బుధవారం, ఉదయం 8:30

దీంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మేము ఇప్పుడు మూడే మాటలు వాడుతున్నాం: చిన్నది, పెద్దది, తెలియదు. "పెద్దది" అంటే ముక్కలు చేయాలి. "తెలియదు" అంటే ముందు ఒకటి రెండు రోజులు తవ్వి చూడాలి. మూడు మాటల్ని కూడి గీత గీయడం ఎవరికీ సాధ్యం కాదు, అందుకే అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి.

---

కొత్త_లీడ్ · బుధవారం, మధ్యాహ్నం 12:40

నిన్నటి నుంచి ప్రతి మాటా రాసుకుంటున్నాను. కానీ నాకు ఒక చిక్కు మిగిలింది. అంకెలు పైకి పంపకపోతే, "ఎప్పుడు అవుతుంది?" అన్నప్పుడు ఏం చెప్పాలి? అది అన్యాయమైన ప్రశ్న కాదు. క్లయింట్ వాళ్ల మనుషులకి శిక్షణ ఇప్పించాలి, పాత సిస్టమ్ ఆపాలి. వాళ్లకి తేదీ కావాలి. నీళ్లు నమిలితే నమ్మకం పోతుంది.

---

గణితం_ఇష్టం · బుధవారం, రాత్రి 9:55

మీ పాత లెక్కే తేదీ చెప్తుంది. మా టీమ్‌ది చూపిస్తాను, చేతితోనే చేయొచ్చు.

గత పది వారాల్లో మేము వారానికి పూర్తిచేసిన కార్డులు: 3, 5, 2, 6, 4, 4, 1, 5, 3, 4. మిగిలినవి 30. సగటు 3.7 కాబట్టి ఎనిమిది వారాలు అని చెప్పేస్తాం, అక్కడే మోసపోతాం. సగటుతో చెప్పిన తేదీ అంటే దాదాపు బొమ్మా బొరుసూ వేసినట్టు. తప్పడానికీ నిలబడడానికీ సమాన అవకాశం.

ఆ పది అంకెల్నీ పది చీటీల మీద రాయండి. ఒకటి తీయండి, రాసుకోండి, తిరిగి డబ్బాలో వేసి కలపండి. మళ్లీ తీయండి. మొత్తం కనీసం 30 కావడానికి ఎన్నిసార్లు తీయాల్సి వచ్చిందో అన్ని వారాలు. ఇదే ఆట స్ప్రెడ్‌షీట్ చేత వెయ్యిసార్లు ఆడించండి. మాంటే కార్లో పద్ధతి అంటే ఇదే. మా అంకెలకి ఏమొస్తుందంటే, ఎనిమిది వారాల్లో ముగిసే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. తొమ్మిదిలో నూటికి 80 దాకా. పదిలో 95 దగ్గర.

ఇప్పుడు క్లయింట్‌ని మీరు అడగొచ్చు: "మీకు ఎంత గట్టి తేదీ కావాలి?" శిక్షణ తేదీ మార్చుకోగలిగితే తొమ్మిది వారాలు. పాత సిస్టమ్ శాశ్వతంగా ఆపే రోజైతే పది వారాలు.

రెండు జాగ్రత్తలు. ముప్ఫై అనుకున్నవి ముప్ఫైగా ఉండవు. దారిలో ముక్కలవుతాయి, కొత్తవి చేరతాయి. ఇదివరకు ఎంత శాతం చేరాయో చూసి ముందే కలపండి. ఇక ఒకసారి వేసి వదిలేయకండి, ప్రతివారం కొత్త అంకెతో మళ్లీ వేయండి. తేదీ వాయిదా పడేలా ఉంటే అది తెలిసిన వారమే చెప్పండి.

---

క్లయింట్_వైపు · గురువారం, ఉదయం 10:20

నేను ప్రొడక్ట్ ఓనర్‌ని, అంటే ఏ పని కావాలో, ఏది ముందో తేల్చే మనిషిని. బల్లకి అవతలివైపు నుంచి చెప్తున్నాను. తేదీ జరగడం కంటే చివరి వారంలో తెలియడం మమ్మల్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. నాలుగు వారాల ముందు "రెండు వారాలు జరిగేలా ఉంది" అంటే నేను ఏదో ఒకటి సర్దుకోగలను. ముందురోజు సాయంత్రం చెప్తే నేనూ చేతులెత్తేయాల్సిందే.

ఇంకో మాట. స్ప్రింట్‌లో తీసుకున్న కార్డుల్ని చాలామంది ఒట్టు పెట్టినట్టు చూస్తారు. స్క్రమ్ గైడ్‌లో 2011లోనే ఈ మాట మార్చారు. డెవలపర్లు ఎంచుకున్న పనిని కట్టుబాటు అనడం మాని, అంచనా అన్నారు. ఇప్పటి గైడ్ ప్రకారం కట్టుబడి ఉండాల్సింది స్ప్రింట్ లక్ష్యానికి. మీ టీమ్‌ని అడిగి చూడండి, "ఈ స్ప్రింట్ లక్ష్యం ఏమిటి?" అని. "ఈ పన్నెండు కార్డులు ముగించడం" అన్నారంటే లక్ష్యం లేదన్నమాటే.

తేదీ కదలని సందర్భాలూ ఉంటాయి. కొత్త నిబంధన ఫలానా రోజు నుంచి అమలు అంటే ఆ రోజే. అప్పుడు కదలాల్సింది పని పరిమాణం. మాకు అలాంటి గడువులో 11 రిపోర్టులు అడిగారు. అసలు రోజూ తెరిచేవి ఏవని వాడేవాళ్లతో కూర్చుని చూశాను. నాలుగు. ఆ నాలుగూ సమయానికి ఇచ్చాం. మిగతా ఏడింటిలో మూడింటిని తర్వాత కూడా ఎవరూ అడగలేదు.

---

సపోర్ట్_షిఫ్ట్ · గురువారం, మధ్యాహ్నం 3:30

అందరూ బోర్డు మీద ఉన్న పని గురించే మాట్లాడుతున్నారు. బోర్డు మీద లేని పని సంగతేమిటి?

"ఐదు నిమిషాల పనే" అంటూ వచ్చే మెసేజ్‌లు, ప్రొడక్షన్‌లో ఆగిపోయిన జాబ్, ఒక కస్టమర్ డేటా సరిచేయడం. మా టీమ్‌లో రెండు వారాల పాటు వచ్చిన ప్రతి అంతరాయానికీ ఒక కార్డు వేశాం, ఎంత చిన్నదైనా సరే. పని, అడిగిన టీమ్, పట్టిన సమయం మాత్రమే. 63 వచ్చాయి. కూడితే ఇద్దరు మనుషులు ఆ రెండు వారాలూ పూర్తిగా దానిమీదే పనిచేసినంత. ఆరుగురి టీమ్‌లో ఇద్దరు! ప్లానింగ్‌లో మాత్రం ఆరుగురమూ ఉన్నట్టే లెక్క వేసుకుంటున్నాం.

తర్వాత వారానికి ఒకరు వంతున అంతరాయాలన్నీ వాళ్లే చూడాలని పెట్టుకున్నాం. ఆ వారం వాళ్ల పేరు మీద ప్లాన్ చేసిన పని ఏదీ ఉండదు. మిగతా ఐదుగురికి నిశ్శబ్దం దొరికింది. ఆ నిశ్శబ్దం ఎంత అవసరమో అది దొరికాకే తెలిసింది. అన్నట్టు, ఆ 63లో 17 ఒకే పాడు స్క్రిప్టు వల్ల వచ్చినవి. దాన్ని ఒక్కరోజులో బాగుచేశాం.

---

బోర్డు_ముందు · గురువారం, సాయంత్రం 5:15

స్టాండప్ గురించి ఒక్క మాట. నిన్నేం చేశాను, ఈరోజేం చేస్తాను, అడ్డేమిటి అన్న మూడు ప్రశ్నలు 2020 గైడ్‌లో తీసేశారు. మేము మనుషుల్ని అడగడం మాని కార్డుల్ని అడుగుతున్నాం. కుడి చివర నుంచి మొదలుపెడతాం, అంటే పూర్తవడానికి దగ్గరగా ఉన్నవి ముందు. ప్రతి కార్డు మీద అది ఎన్ని రోజులుగా ఉందో పెద్ద అంకె ఉంటుంది. "దీన్ని ఈరోజు కదిలించాలంటే ఏం కావాలి?" అంతే. ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది.

---

బ్యాకెండ్_బెంచ్ · గురువారం, రాత్రి 10:05

టెస్టర్_దృష్టి గారి మాట మీద రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా దగ్గర టెస్టింగ్ నిండడానికి ఇంకో కారణం కనిపించింది, అది మా తప్పే. పనిని అడ్డంగా కోస్తున్నాం. వెతికే సదుపాయం కావాలంటే డేటాబేస్‌కి ఒక కార్డు, ఏపీఐకి ఒకటి, స్క్రీన్‌కి ఒకటి. మూడూ వచ్చేదాకా టెస్ట్ చేయడానికి ఏమీ ఉండదు. అన్నీ ఒకేసారి ఆఖరి రెండు రోజుల్లో టెస్టర్ల మీద పడతాయి. కొత్త_లీడ్ గారి బర్న్‌డౌన్ కూడా అందుకే అలా ఉందేమో చూడండి.

నిలువుగా కోయాలి. మొదటి కార్డు: పేరు పూర్తిగా టైప్ చేస్తే దొరకాలి. డేటాబేస్ నుంచి స్క్రీన్ దాకా సన్నగా, కానీ పూర్తిగా. రెండోది: సగం పేరుతో దొరకాలి. మూడోది: తేదీతో వడకట్టాలి. మొదటిది మూడో రోజుకే టెస్టర్ చేతిలో ఉంటుంది. మంచి స్టోరీ (వాడేవాళ్ల అవసరాన్ని చెప్పే కార్డు) లక్షణాలకి బిల్ వేక్ 2003లో ఆరక్షరాల గుర్తు ఇచ్చారు, ఇన్వెస్ట్ (INVEST) అని. ఆ ఆరింటిలో నాకు అన్నిటికంటే కష్టమనిపించేది మొదటిదే: ఒకటి ఇంకోదాని మీద ఆధారపడకుండా కోయడం. ప్రతిసారీ కుదరదు. కుదిరినప్పుడు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

---

అంచనా_కావాలి · శుక్రవారం, ఉదయం 8:10

టూల్ గురించి ఎవరూ అడగలేదు కానీ ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇలాంటప్పుడు అందరికీ తట్టే మొదటి ఆలోచన టూల్ మార్చడం. మేము జిరా వదిలి ట్రెల్లోకి వెళ్లి, తిరిగి జిరాకే వచ్చాం. ఆరు నెలలు పోయాయి. అసలు అడ్డం ఏమిటంటే మా కార్డు దాటాల్సిన స్థితులు 14 ఉండేవి. వాటిని ఐదుకి తగ్గించాం, అది ఒక మధ్యాహ్నం పని. ఒక్క సలహా: "రివ్యూలో ఉంది", "రివ్యూ కోసం ఆగింది" అన్నవి రెండు వేరే వరసలుగా పెట్టండి. ఎదురుచూపు విడిగా కనపడాలి.

---

కొత్త_లీడ్ · ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:30

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. కనీసం మూడు స్ప్రింట్లు గడవకుండా చెప్పకూడదని ఆగాను.

ముందు మా మేనేజర్ గారితో కూర్చున్నాను. సిద్ధాంతమేమీ చెప్పలేదు. టెస్టర్_దృష్టి గారు చేసినట్టే, ఆ 41 రోజుల కార్డు చరిత్ర కాగితం మీద రాసి ముందుపెట్టాను. పని జరిగింది 6 రోజులు. ఆయన చాలాసేపు చూసి, "మిగతా 35 రోజులు ఎవరి దగ్గర ఉంది?" అన్నారు. "ఎవరి దగ్గరా లేదండి, అదే సమస్య" అన్నాను. డ్యాష్‌బోర్డ్ నుంచి వెలాసిటీ తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. పక్కన ఇంకో రెండు అంకెలు పెట్టడానికి ఒప్పుకున్నారు: లోపలున్న కార్డులు, వాటిలో అతి పాతదాని వయసు.

మొదటి స్ప్రింట్‌లో కొత్త పని ఒక్కటీ తీసుకోలేదు. ఉన్న 24లో నాలుగింటిని ఎవరూ అడగట్లేదని తేలింది, తీసేశాం. మిగతావి ముగించడం మీదే పడ్డాం. ఇప్పుడు లోపల 11 ఉన్నాయి. అతి పాతది 13 రోజులు. ఆ మూడు స్ప్రింట్లలో పూర్తయినవి 12, 10, 11. పెద్ద పెరుగుదల కాదు. కానీ గత రెండు స్ప్రింట్లలో దొర్లినవి మూడేసి మాత్రమే, పోయిన నెల క్లయింట్‌కి చెప్పిన తేదీ నిలబడింది. సాయంత్రం ఆరున్నరకి అందరూ వెళ్లిపోతున్నారు. అది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

అన్నీ సాఫీగా ఏమీ లేవు. మాలో చాలా వేగంగా రాసే డెవలపర్ ఒకరున్నారు, పరిమితి అంటే ఆయనకి ఊపిరాడట్లేదు. "నన్ను ఆపి ఎవరికి లాభం?" అని రిట్రోలో అడిగారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, ఇంకా మాట్లాడుకుంటున్నాం. రివ్యూ ఎదురుచూపు నాలుగు రోజుల నుంచి ఒకటిన్నరకి వచ్చింది కానీ అక్కడే ఆగింది. చీటీల లెక్క వేశాను. క్లయింట్ మొదటిసారి ఒక తేదీకి బదులు రెండు తేదీలు విని, "ఇలా ముందే చెప్తే మాకే మంచిది" అన్నారు.

---

గణితం_ఇష్టం · ఆదివారం, రాత్రి 8:00

చాలా ఆనందంగా ఉంది కొత్త_లీడ్ గారూ. 11 కార్డులు, స్ప్రింట్‌కి 11. అంటే సగటు ఇప్పుడు ఒక్క స్ప్రింట్. ఒక ప్రశ్న: ఆ 13 రోజుల కార్డు ఎక్కడ ఆగింది?

---

కొత్త_లీడ్ · ఆదివారం, రాత్రి 8:25

మా టీమ్ బయట. డేటాబేస్‌లో కొత్త పట్టికకి అనుమతి ఇవ్వాల్సింది వేరే టీమ్. అడిగి తొమ్మిది రోజులైంది. పాత కార్డులు వెతికితే గత ఆరు నెలల్లో ఇలాంటివే ఇంకో ఐదు దొరికాయి, ఒక్కోటీ వారానికి పైనే ఆగింది. వాళ్ల లీడ్‌తో రేపు పదకొండింటికి మీటింగ్ పెట్టుకున్నాను. ఆరింటి చరిత్రా ఒక్క పేజీలో రాసుకున్నాను. వాళ్ల బోర్డు మీద ఎన్ని ఉన్నాయో కూడా అడిగి చూస్తాను.